చిన్న నీరు, పెద్ద నీరు

చేపలు పట్టడం కొత్తగా నేర్చుకునేవాడు మొదట చిన్న చెరువును ఆశ్రయించాలా, పెద్ద జలాశయాన్ని ఆశ్రయించాలా అన్నది సాహిత్యాభిమానులు చదివే పత్రికలో చర్చించదగిన విషయమేనా అని కొందరికి సందేహం కలగవచ్చు. ఆ సందేహానికి సమాధానం దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ కిందటే లభించింది. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దంలో సంస్కృతంలో కూర్చిన 'మానసోల్లాసం'లో రాజులకు తగిన వినోదాల వరుసలో మత్స్యవినోదానికి కూడా ఒక స్థానం కల్పించాడు. ఏ చేప నదిలో ఉంటుంది, ఏది సముద్రంలో ఉంటుంది, దేనికి ఏ మేత ప్రీతి, గాలం ఎలా వేయాలి అన్న విషయాలను ఏనుగుల గురించీ వంటకాల గురించీ చెప్పినంత శ్రద్ధతోనే చెప్పాడు. మన కాకతీయుల తొలితరం వారు ఆ చాళుక్యులకే సామంతులు. అటువంటి చక్రవర్తికి పనికివచ్చిన విషయం, మగ్గాల నగరంలో లెక్కలు రాసి పదవీ విరమణ చేసిన నా వంటివానికి పనికిరాకపోదనే ధైర్యంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను చెప్పబోయేది వానపామును గుచ్చి, బెండు కట్టి, అది మునిగేదాకా ఎదురుచూసే గాలం గురించి కాదు. ఇంగ్లీషువారు ఫ్లై ఫిషింగ్ అనే పద్ధతి ఒకటి ఉన్నది. అందులో ఎర ఉండదు. చిన్న కొక్కేనికి కోడి ఈకలు, బొచ్చు, దారం చుట్టి పురుగు ఆకారాన్ని కల్పిస్తారు. నీటి మీద వాలిన ఈగ అనో, నీటిలో ఈదే చిరుచేప అనో భ్రమపడి చేప దానిని అందుకోవాలి. క్రీస్తుశకం 200 ప్రాంతంలోనే ఈలియన్ అనే రచయిత, మాసిడోనియా జాలరులు ఎర్ర ఉన్నిని, కోడి ఈకలను కొక్కేనికి కట్టి చేపలు పట్టే తీరును వర్ణించాడు. తెలుగులో ఈ విద్యకు పేరు లేదు. ఈగగాలం అనాలా, ఈకగాలం అనాలా అని చాలాకాలం తర్కించుకొని, చేతికి తగిలేది ఈకే కనుక 'ఈకగాలం' అని పిలుచుకుంటున్నాను. భాషావేత్తలు మన్నింతురుగాక.

సూరత్ నగరంలో తెలుగువారు ఎందుకున్నారో పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీలు తరాలుగా ఇక్కడికి వచ్చి మరమగ్గాల మీద బతుకుతున్నారు. లింబాయత్, ఉధనా ప్రాంతాల సందులలో నడిస్తే మన యాస వినబడుతుంది. నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలలలో తెలుగు మాధ్యమం కూడా ఉన్నది. మా నాన్న సిరిసిల్లలో చేతిమగ్గం నేసినవాడు. నేను మగ్గం మీద కూర్చోలేదు, బట్టల వ్యాపారంలో ఖాతాలు రాశాను. అయినా పోగు పట్టుకునే తీరు ఇంటి గాలిలోనే అబ్బుతుంది కాబోలు, పదవీ విరమణ తరువాత ఒక మిత్రుడు పాత ఈకగాలపు కర్రను కానుకగా ఇచ్చినప్పుడు, మొదట నన్ను ఆకర్షించినది చేప కాదు, ఆ కొక్కేనికి చుట్టిన దారం.

ఈ విద్యకు సూరత్ కంటే అనువైన ఊరు ఉండదేమో అనిపిస్తుంది. సన్నని పాలియెస్టర్ పోగు ఏ వీధిలో అడిగినా దొరుకుతుంది. మెడ ఈకలు కోళ్ళ దుకాణంలో ఊరికే ఇస్తారు. ఇక తళుకు కావాలంటే జరీ ఉండనే ఉన్నది. చిరుచేప పక్కల మెరుపును అనుకరించడానికి పాశ్చాత్యులు కొక్కెం మీద వెండి, బంగారు రంగుల సన్నని తీగను చుట్టుతారు. దానిని వారు ప్రత్యేకంగా కొనుక్కుంటారు. భౌగోళిక గుర్తింపు పొందిన సూరత్ జరీ ముక్కలు ఇక్కడ అల్లికపని చేసే గదుల నేల మీద రాలి ఉంటాయి. పెళ్ళిచీర అంచులో వెలగవలసిన తళుకు ఒక పరక పిల్ల వేషంలో చెరువులో దిగుతుంది. దానికి అందులో అవమానమేమీ లేదని నా అభిప్రాయం.

విసరడం దగ్గరకు వచ్చేసరికి కష్టం మొదలవుతుంది. మామూలు గాలానికి సీసపు గుండు బరువు ఉంటుంది, ఆ బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఈకగాలానికి బరువు లేదు. కనుక దారాన్నే బరువుగా, దళసరిగా తయారు చేస్తారు. విసిరేది ఆ దారాన్ని, కొక్కెం దాని వెంట పోతుంది. తొమ్మిది అడుగుల కర్రతో దారాన్ని వెనక్కి పంపి, అది వెనుక పూర్తిగా చాపుకునేదాకా ఒక్క క్షణం ఆగి, అప్పుడు ముందుకు తోయాలి. ఆ ఒక్క క్షణంలోనే విద్య అంతా ఉన్నది. తొందరపడితే దారం కొరడాలా చిటపటలాడి చిక్కుపడుతుంది, ఆలస్యం చేస్తే వెనుక గడ్డిలో పడుతుంది. చేతిమగ్గం మీద నాడె పడుగులో ఈ అంచు నుంచి ఆ అంచుకు చేరేదాకా నేతగాడు ఆగుతాడే, అది చేరిన చప్పుడు విని గాని పేకను దువ్వెనతో కొట్టడే, అటువంటి ఆగడం అది. మరమగ్గానికి ఆ ఆగడం లేదు. అందుకేనేమో, పగలంతా మరమగ్గం నడిపినవాడికి ఇది చేతికి రావడానికి కొంత వ్యవధి పడుతుంది.

ఇలా అనడానికి కారణం మా మేనల్లుడు. వాడు ఉధనాలో మగ్గాల షెడ్డులో పని చేస్తాడు. పన్నెండు గంటల పాళీ, వారానికొక సెలవు. నేను మేడ మీద దారం విసరడం చూసి వాడికీ మనసు పుట్టింది. పైసా పైసా కూడబెట్టి ఒక కర్ర కొనుక్కున్నాడు. అదీ ఎనిమిదో నంబరు దారానికి సరిపడే బలమైన కర్ర, పెద్ద నీటికీ పెద్ద చేపకూ పనికివచ్చేది.

"మామా, ఎట్లాగూ పోయేదే గదా, ఉకాయికే పోదాం. పెద్ద నీళ్ళల్లనే గదా పెద్ద చేప ఉండేది" అన్నాడు.

ఈ మాటలో తర్కం లేకపోలేదు. వాడికి దొరికేది వారంలో ఒక్క పగలు. ఆ పగలును ఏ నీటికి అప్పగించాలన్నది వాడికి వినోదానికి సంబంధించిన ప్రశ్న కాదు, జీతానికి సంబంధించినంత గట్టి ప్రశ్న. నేను వాడికి అప్పుడు చెప్పిన దానికంటే, ఆ తరువాత రెండు మూడేళ్ళు ఇద్దరమూ రెండు రకాల నీళ్ళనూ చూసి తెలుసుకున్నదే ఎక్కువ.

ఉకాయి అంటే తపతీ నది మీద 1972లో పూర్తయిన ఆనకట్ట. ఈ నది మన పాఠకులకు కొత్తది కాదు. సూర్యుని కూతురు తపతి, ఆమెను వలచిన సంవరణుడు, వారికి పుట్టిన కురువు - ఈ ఉపాఖ్యానాన్ని ఆదిపర్వంలో మనమంతా చదివినవారమే. కౌరవ పాండవుల మూలపుటమ్మ పేరు గల ఆ నదిని ఇక్కడివారు తాపీ అంటారు. దానికి అడ్డంగా దాదాపు ఐదు కిలోమీటర్ల పొడవున మట్టితోను, రాతితోను కట్టిన ఆనకట్ట వెనుక నిలిచిన నీటికి వల్లభసాగర్ అని పేరు. నిండినప్పుడు ఐదు వందల చదరపు కిలోమీటర్లకు మించి పరుచుకుంటుంది. ఎగువన ఉకాయి, దిగువన 1954 నాటి కాక్రాపార్, చివర నగరం దగ్గర 1995లో కట్టిన సింగన్‌పోర్ అడ్డుకట్ట. సూరత్ తాగే నీరు, తడిసే పొలం ఈ మూడింటి మీద ఆధారపడి ఉన్నాయి. 2006 ఆగస్టులో ఎగువ వరదకు ఉకాయి నుంచి సుమారు తొమ్మిది లక్షల క్యూసెక్కుల నీరు వదలవలసి వచ్చినప్పుడు నగరంలో చాలా భాగం మునిగిపోయింది. మేడల మీద రాత్రులు గడిపిన మా తరం వారికి 'పెద్ద నీరు' అన్న మాట వినగానే చేప గుర్తుకు రాదు.

ఆ జలాశయం ఒడ్డున ఈకగాలంతో నిలబడిన కొత్తవాడికి మొదట కలిగేది నిస్సహాయత. ఎదుట కనుచూపు మేర నీరు. వాడు విసరగలిగేది నలభై అడుగులు. చేప ఆ నలభై అడుగులలోపల ఉన్నదో, నాలుగు మైళ్ళ అవతల ఉన్నదో తెలియదు. మధ్యాహ్నం దాటితే గాలి లేస్తుంది. కుడిచేతివాడికి కుడివైపు నుంచి గాలి వీచిందంటే కొక్కెం చెవికో చెంపకో వచ్చి తగులుతుంది; టోపీ, కళ్ళద్దాలు లేకుండా నిలబడకూడదు. ఎండాకాలంలో లోతైన నీరు పొరలుగా విడిపోతుంది. పైపొర వెచ్చన, అడుగుపొర చల్లన. ఆ అడుగున ప్రాణవాయువు తగ్గిపోవడం వలన చేప అక్కడ నిలవదు. కనుక లోతు ఎక్కువ ఉన్నచోట చేప ఎక్కువ ఉంటుందని అనుకోవడానికి వీలులేదు. అదీకాక నీటిమట్టం ఏడాది పొడవునా ఒకచోట ఉండదు. వానాకాలం చివర నిండి, పంటలకూ నగరాలకూ నీరిచ్చి, జ్యేష్ఠం నాటికి ఒడ్డు ఎంతో దూరం జరిగిపోతుంది. పోయిన నెల చేప పలికిన చోట ఈ నెల పశువులు మేస్తుంటాయి.

ఈ కష్టాలకు విరుగుడు లేదని కాదు. గాలి ఏ ఒడ్డుకు కొడుతున్నదో ఆ ఒడ్డున నీటి మీది పురుగులు, నాచు, వాటి వెంట చిరుచేపలు, వాటి వెంట పెద్ద చేపలు చేరుతాయి. ఎదురుగాలిలో విసరడం కష్టమే, కాని మేత ఉన్నచోటు అది. వాగు వచ్చి కలిసే మూలలు, మునిగిన చెట్ల మోడులు, నీటిలోకి చొచ్చుకువచ్చిన దిబ్బలు - పెద్ద నీటిని ఇలా చిన్న చిన్న ముక్కలుగా కోసుకొని చూడాలి. ఇంగ్లండులో ఈ విద్య ఒక శతాబ్దానికి పైబడినది. బ్రిస్టల్ నగరానికి తాగునీటి కోసం కట్టిన బ్లాగ్డన్ జలాశయంలో 1904లోనే ట్రౌట్ చేపల వేటకు అనుమతి ఇచ్చారు. ఆ పక్కనే 1956లో ప్రారంభమైన చ్యూ లోయ జలాశయం మరింత పేరు పొందింది. అక్కడివారు కూడా కొత్తవారిని మొదట చిన్న కుంటలకే పంపుతారు. కాని వారి చిన్న కుంటలో పెంచి వదిలిన ట్రౌట్ ఉంటుంది, పైకం కట్టి పట్టుకుంటారు. ఆ పుస్తకాలను ఇక్కడికి తెచ్చుకుంటే మన చెరువు వాటిలో ఇమడదు.

మన చెరువు గురించి మనవాళ్ళే చెప్పాలి. అయితే గాలం సంగతి వచ్చేసరికి, మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ అనే ఇంగ్లీషు అధికారి ముందుగా చెప్పాడు. 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' రాసి పెద్ద నదుల వేటను వర్ణించిన ఆయన, 1887లో కేవలం చెరువుల కోసం 'ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా' అనే ప్రత్యేక గ్రంథం వెలువరించాడు. ఇంటికి దగ్గరలో ఉన్న చెరువు ఒక పుస్తకానికి సరిపడే వస్తువని గుర్తించిన ఆ అధికారి మీద నాకు గౌరవం ఉన్నది. మన వైపు అధికారులు ఎందరు చెరువు కట్టల మీద నడిచి శిస్తు లెక్కలు రాసుకుపోయారో!

ఉధనాలో బయలుదేరిన రైలు బార్డోలీ, వ్యారా దాటి ఉకాయి సోన్‌గఢ్ స్టేషనులో దింపుతుంది. గాయక్వాడుల తొలి రాజధాని సోన్‌గఢ్. అక్కడికి చేరువలోనే మింఢోళా నది మీద వారి కాలం నాటి దోస్వాడా అనే చిన్న ఆనకట్ట ఉన్నది. ఒకే స్టేషనులో దిగి పెద్ద నీటికైనా పోవచ్చు, చిన్న నీటికైనా పోవచ్చు. మా ప్రశ్నను దైవమే అక్కడ రెండు దారులుగా చీల్చి పెట్టినట్టు ఉంటుంది. దోస్వాడా వానాకాలంలో నిండి పొర్లినప్పుడు నాకు మా ఊరి మత్తడి కళ్ళకు కట్టింది.

చిన్న నీటిలో గొప్పతనం అంతా చూపుకు అందడంలో ఉన్నది. కట్ట ఎక్కి ఒకసారి తలతిప్పితే ఆ నీటి కథ పూర్తిగా తెలుస్తుంది. కట్ట కింద, తూము దగ్గర లోతు; ఎదుటివైపు శికంలో పలుచన; నడుమ పాత వాగు పారిన చాలు. ఉదయం చేప పలుచన నీటికి మేతకు వస్తుంది, ఎండ ఎక్కితే కట్ట వైపు లోతుకు పోతుంది. నలభై అడుగులు విసరగలిగిన వాడికి ఆ చెరువులో పదోవంతు చేతిలో ఉన్నట్టే. నీటి మీద ఒక వలయం లేస్తే అక్కడికి విసరవచ్చు; విసిరింది సరిగా పడిందో లేదో వెంటనే తెలుస్తుంది. బొచ్చె పైనీటిలో, శీలావతి నడినీటిలో, ఎర్రమోసు అడుగున మేస్తాయన్న పాఠం పుస్తకంలో చదివితే మరచిపోతాము. చిన్న చెరువులో అయితే అడుగున బురద లేచిన తీరు, పైన పెదవి ఆడిన చప్పుడు చూసి ఇది ఫలానా అని చెప్పే స్థితికి ఒక్క ఏడాదిలో చేరవచ్చు. బొచ్చె నీటిలోని కంటికానని జీవాలను వడకట్టి తింటుంది కనుక ఈకను అరుదుగా గాని ముట్టదు. తిలాపియా, పరకలు, నీటి ఉపరితలం మీద వెండి రేకుల్లా ఎగిరే చిరుచేపలు - కొత్తవాడికి ఇవే గురువులు. అరచేయంత చేపే కావచ్చు, కాని పట్టినది తన తెలివితో పట్టినదని వాడికి తెలుస్తుంది.

ఇక కొర్రమీను. తెలంగాణ రాష్ట్రం 2016లో రాష్ట్ర చేపగా ప్రకటించినది దీనినే. ఇది నీటిపైకి వచ్చి గాలి పీల్చుకునే చేప. తామర ఆకుల సందున ఒక బుడగ తేలి, నీరు చిన్నగా కదిలితే అది ఊపిరి తీసుకున్నదని అర్థం. అప్పుడు బొచ్చుతో కట్టిన కప్ప బొమ్మను ఆ చోటికి నాలుగడుగుల అవతల వాల్చి, మెల్లగా కదిలించాలి. మీద పడడం చూస్తే గుండె ఆగినంత పని అవుతుంది. అయితే ఎర్రని పిల్లల గుంపు నీటిపైన తుకతుక ఉడికినట్టు కదులుతుంటే మాత్రం గాలం వేయరాదు. కింద తల్లీతండ్రీ రెండూ కాపలా ఉంటాయి; బొమ్మ మీదికి వచ్చేది ఆకలితో కాదు. ఆ జంటను పట్టినవాడు పిల్లలన్నిటినీ ఇతర చేపలకు అప్పగించినట్టే. మా ఊరి బెస్తవారు ఈ కట్టుబాటును చట్టం లేకుండానే పాటించడం చిన్నతనంలో చూశాను.

చిన్న నీటికి దోషాలు లేవా అంటే, ఉన్నవి. నీరు తేటగా, ఒడ్డు దగ్గరగా ఉన్నప్పుడు మనం చేపను చూసినంత సులువుగా చేప మనను చూస్తుంది. నీటి లోపలి నుంచి చేపకు పైలోకం దాదాపు 97 డిగ్రీల గుండ్రని కిటికీలో కనబడుతుందని భౌతికశాస్త్రం చెబుతుంది. గట్టు మీద నిటారుగా నిలబడినవాడు ఆ కిటికీలో రాక్షసుడు. వంగి, మోకాలి మీద కూర్చొని విసరడం నేర్చుకోవాలి. నగరానికి దగ్గరి నీళ్ళలో గుర్రపుడెక్క బెడద మరొకటి.

వీటికంటే పెద్ద చిక్కు మనుషులతో. గుజరాత్ పల్లెలలో చెరువు గట్టున గుడి ఉండడం సామాన్యం. గుడికి వచ్చినవారు చేపలకు పిండి ముద్దలు వేయడమూ సామాన్యమే. అహింసను పరమధర్మంగా పాటించే కుటుంబాలు ఉన్న ఊరిలో గాలపు కర్ర భుజాన వేసుకొని నడవడం మర్యాద అనిపించుకోదు. ఒక ఊరిలో ఒక వృద్ధురాలు మమ్మల్ని కోప్పడలేదు. "భాయీ, ఇవి మా చేతిలో తిన్నవి" అని మాత్రం అన్నది. మేము దారం చుట్టుకొని వెనుదిరిగాము. ఆ మాటకు బదులు చెప్పగల శాస్త్రం మానసోల్లాసంలో లేదు. అప్పటినుంచి పంచాయతీని గాని, చెరువును కౌలుకు తీసుకున్న సంఘాన్ని గాని అడగకుండా ఏ నీటిలోనూ దారం తడపము. కౌలుదారు పిల్లచేపలు కొని వదిలినవాడు. 1957లో హీరాలాల్ చౌధురీ సూదిమందుతో చేపలను గుడ్లు పెట్టించే విధానం కనుగొన్న తరువాతనే ఈ పిల్లచేపల సరఫరా దేశమంతటా సాధ్యమయింది. నిలువనీటిలో శీలావతి తనంతట తాను గుడ్లు పెట్టదు. దానికి పారే కొత్తనీరు కావాలి. కనుక చెరువులోని ప్రతి శీలావతి వెనుక ఎవరో ఒకరి పెట్టుబడి ఉన్నది. అడిగినప్పుడు చాలామంది ఒప్పుకుంటారు, చిన్న రుసుము తీసుకుంటారు. పట్టి వదిలేస్తామంటే నవ్వుతారు.

ఆ నవ్వు పెద్ద నీటి ఒడ్డున మరొక విధంగా ఎదురయింది. ఉకాయి నిండినప్పుడు సుమారు 170 గ్రామాలు పూర్తిగానో కొంత భాగమో ముంపుకు గురయ్యాయి. వారిలో అధికులు గామిత్, వసావా మొదలైన ఆదివాసులు. పొలం పోయినవారిలో అనేకులు వల పట్టారు. సహకార సంఘాలుగా ఏర్పడి ఆ జలాశయంలోనే చేపలు పట్టి బతుకుతున్నారు. ఒక సాయంత్రం వల ఎండబెట్టుకుంటున్న ఒక పెద్దాయన మా మేనల్లుని కర్రను చేతిలోకి తీసుకొని, వంచి చూసి, వెల అడిగాడు. వాడు చెప్పగానే దానికి ఎన్ని వలలు వస్తాయో వేళ్ళ మీద లెక్కించాడు.

"పట్టిన చేపను ఏం చేస్తావు బేటా?" అన్నాడు.

"వదిలేస్త కాకా."

"వదిలేసేవాడివి పట్టడం ఎందుకు? దానికి నొప్పి, నీకు ఖర్చు."

వాడు నా వైపు చూశాడు. కొక్కెం ముల్లును పటకారుతో నొక్కి చదును చేస్తామని, చేపకు పెద్ద గాయం కాదని నేను ఏదో చెప్పబోయాను. ఆయన వినిపించుకోలేదు, చీకటి పడకముందే వల సర్దుకోవాలి. ఆయన ప్రశ్న గడుసుతనంతో వేసినది కాదు. చేప ఆయనకు సాయంత్రపు అన్నం. మాకు ఏమిటో మాకే సరిగా మాటలలో పెట్టడం రాలేదు, ఇప్పటికీ రాలేదు.

పెద్ద జలాశయం స్వభావం తెలుసుకోవాలంటే నీరు తగ్గిన వేసవిలో వచ్చి అడుగును నడిచి చూడాలని అనుభవజ్ఞులు చెబుతారు. సలహా మంచిదే. గుంటలు, మోడులు, పాత బాట, రాతి కట్టడం ఎక్కడ ఉన్నాయో గుర్తు పెట్టుకుంటే, నిండిన తరువాత చేప నిలిచే తావులు అవే. నేను చిన్న పుస్తకంలో గీసుకున్నాను కూడా: ఇక్కడ బావి ఒర, ఇక్కడ గోడ పునాది, ఇక్కడ వరుసగా చెట్ల మొదళ్ళు. గీసుకుంటూ ఉండగా తోచింది, వరుసగా చెట్లు ఉన్నాయంటే అది ఎవరో నాటిన పెరడు. మన శ్రీశైలం జలాశయంలో నీరు తగ్గినప్పుడు సంగమేశ్వరాలయం బయటపడుతుంది. భక్తులు వెళ్ళి పూజ చేసుకొని వస్తారు. గుడికి పూజ ఉన్నది. పెరటికి ఏమున్నది? ఆ పటం ఇప్పటికీ నా దగ్గర ఉన్నది. దానిని చూసి విసిరిన చోట రెండుసార్లు మంచి చేప పలికిన మాట నిజం. పటం చింపివేయడం వలన పోయిన ఊరు రాదు కదా అని అట్టే పెట్టుకున్నాను. చెరువులో గాలం వేసినప్పుడు ఈ ఆలోచన రాదు. చెరువు కూడా ఎవరి నేలనో కొంత ముంచే ఉంటుంది. కాని ఆ ముంపును శతాబ్దాలు కడిగివేశాయి. గణపతిదేవుని కాలం నాటి పాకాలను చూసి దాని అడుగున ఎవరి చేను ఉండేదని అడిగేవారు ఇప్పుడు ఎవరున్నారు?

కొత్తవాడికి నా సలహా ఏమిటని అడిగితే, మొదటి రెండేళ్ళు చిన్న నీరే అంటాను. ఐదో నంబరు కర్ర, ముప్ఫై నలభై అడుగుల విసురు, ఒకే చెరువు. వారానికి ఒక చెరువు మార్చేవాడికంటే ఒక చెరువును వారం వారం చూసేవాడు త్వరగా నేర్చుకుంటాడు. ఆషాఢ శ్రావణాలలో కొత్తనీటికి చేప ఎదురెక్కే వేళ, అది గుడ్ల కోసం పోతున్నది కనుక, కర్రను గోడకు ఆనించాలి. పెద్ద నీటికి పోయినా తప్పులేదు, ఏడాదికి రెండుసార్లు, వీలైతే వలవాడి పడవలో, ఆయనకు కూలి ఇచ్చి. ఆయనకు తెలిసిన నీటిని మనం పదేళ్ళకు కూడా తెలుసుకోలేము.

మా మేనల్లుడు ఈ సలహాను సగం విన్నాడు. బలమైన కర్రను అమ్మలేదు. నా పాత ఐదో నంబరు కర్రను అడిగి తీసుకున్నాడు. సెలవు రోజున దోస్వాడా, దీపావళికి మగ్గాలు ఆగినప్పుడు ఉకాయి అని నియమం పెట్టుకున్నాడు. కిందటి దీపావళికి మాత్రం ఆ నియమం సాగలేదు. తల్లికి ఒంట్లో బాగాలేదని నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో ఊరికి పోయాడు. కర్రను గుడ్డసంచిలో చుట్టి బెర్తు కింద పెట్టుకున్నాడట. ఆమె కోలుకున్నాక, నాలుగో రోజున ఫోన్ చేశాడు. చెరువు నిండుగా ఉన్నదట, మత్తడి ఇంకా సన్నగా దూకుతున్నదట, కట్ట కింద పెద్ద శీలావతి తిరుగుతున్నదట.

"కాని మామా, ఎనుక తాటిచెట్లున్నయి. దారం ఎనుకకు పోనిస్తలేవు."

వెనక్కి పోనివ్వకుండా, దారాన్ని నీటి మీదనే మెల్లగా దగ్గరకు లాక్కొని, కర్ర చెవి వెనుకకు రాగానే ఒక్కసారి కిందికి కొట్టి ముందుకు దొర్లించమన్నాను. దానికి వెనుక చోటు అక్కరలేదు. పది విసురులలో ఒకటి సరిగా పోతున్నదని మరునాడు చెప్పాడు.